గచ్చులో నిలిచిన మసీదు

పిడుగురాళ్ల సున్నపు బట్టీలను రోజూ చూసే పల్నాటివారికి హైదరాబాదు కార్వాన్‌లోని తోలి మసీదు దూరపు కట్టడమే అయినా, దాని అందానికి ఆధారమైన పదార్థం మాత్రం బాగా తెలిసినదే. అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో మహల్దారు, అంటే అంతఃపుర వ్యవహారాల అధికారి అయిన మూసాఖాన్ 1671లో దీనిని కట్టించాడు. మక్కా మసీదు నిర్మాణాన్ని పర్యవేక్షించినందుకు ఖర్చయిన ప్రతి రూపాయికీ ఒక దమ్డీ చొప్పున అతనికి ముట్టిందనీ, ఆ సొమ్ముతోనే ఇది లేచిందనీ జనశ్రుతి ఉండడంతో దీనికి దమ్డీ మసీదు అన్న పేరు కూడా వచ్చింది.

1617లో మొదలై 1694లో పూర్తయిన మక్కా మసీదు నల్లరాతి బరువుతో గంభీరంగా నిలిస్తే, అయిదు కమానుల ముఖభాగానికి ఇరువైపులా మినార్లు గల తోలి మసీదు గచ్చుపనితో, అంటే తడి సున్నపు పూతలో మలచిన లతలతో, పూలతో, జాలీలతో మెప్పిస్తుంది.

బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి సున్నపురాయి నుంచి కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోగా పొడి సున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే అది ఉడుకెత్తి తడి సున్నమవుతుంది. ఇసుక చేర్చి ఎద్దుల గానుగలో మెత్తగా రుబ్బితే, కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపే ఆనవాయితీ గల డంగు సున్నం తయారవుతుంది. గోడకెక్కిన తరువాత అది గాలిలోని అదే వాయువును మెల్లగా పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది గనుక, పలుచని పూతలు వేస్తూ ఒక్కొక్కటీ గట్టిపడేదాకా ఆగడమే ఈ పనిలోని అసలు నేర్పు.

త్వరగా బిగిసే సిమెంటుకు ఆ నిరీక్షణ అక్కరలేదు. అయితే పాత గోడలోని చెమ్మను బయటికి పోనివ్వకుండా అది లోపలే బంధించడంతో పూత ఉబ్బి, పెచ్చులూడుతుంది. అందుకే గోల్కొండ సమీపాన కుతుబ్‌షాహీ సమాధుల వద్ద 2013లో ఆగాఖాన్ సంస్కృతి ట్రస్టు చేపట్టిన పునరుద్ధరణలో, మునుపటి మరమ్మతుల సిమెంటును తొలగించి సున్నపు పూతనే తిరిగి వేశారు.

కట్టడాన్ని కాపాడడమంటే దాని పనితనం తెలిసిన చేతులను కూడా కాపాడడమే. కుతుబ్‌షాహీల ఏలుబడిలో ముర్తజానగర్‌గా పేరు మారిన కొండవీడు నేటి పల్నాడు జిల్లాలోనే ఉంది; రాయీ బట్టీలూ ఇక్కడే ఉన్నాయి. నరసరావుపేట, గురజాల ప్రాంతాల తాపీమేస్త్రులకు డంగు సున్నం పనిలో శిక్షణ ఇవ్వగలిగితే, సున్నం ఎగుమతి చేసే సీమ దానిని వాడే విద్యకూ నిలయమవుతుంది.