గోడలే తొలి ప్రదర్శన వస్తువులు: హిజ్లీ భవన పునర్దర్శనం

తెలుగువారికి ఖరగ్‌పూర్ పరాయి ఊరు కాదు. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలంలో ఉపాధి కోసం తరలివెళ్ళిన కుటుంబాలు అక్కడి రైల్వే కాలనీలలో తరతరాలుగా నివసిస్తున్నాయి. వారి ఇళ్ళకు వచ్చిపోయే బంధువులకు ఆ ఊరంటే పొడవైన ప్లాట్‌ఫారం, వర్క్‌షాపు, పూరీ గేట్. ఆ గేటు దాటి సాగే దారి ఐ.ఐ.టి. ప్రాంగణానికి చేరుస్తుంది. అక్కడి హిజ్లీ భవనాన్ని పలుమార్లు చూసినవారు సైతం దానిని వాస్తురీత్యా పరిశీలించడం అరుదు. పరిచితమైన ఊరిని మళ్ళీ దర్శించడంలోని ప్రయోజనం అదే: అలవాటు మరుగుపరచిన దానిని చూపు తిరిగి పట్టుకుంటుంది.

ఈ కట్టడం ప్రదర్శనశాలగా పుట్టలేదు. 1930లో బ్రిటిష్ ప్రభుత్వం దీనిని రాజకీయ ఖైదీల నిర్బంధ శిబిరంగా మార్చింది. 1931 సెప్టెంబర్ 16న నిరాయుధులైన ఖైదీలపై పోలీసులు కాల్పులు జరపగా సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. వారి భౌతికకాయాల కోసం సుభాష్ చంద్రబోస్ హిజ్లీకి వచ్చారు. రవీంద్రనాథ్ ఠాగూర్ కలకత్తా బహిరంగ సభలో నిరసన పలికారు. స్వాతంత్ర్యానంతరం, 1951లో, దేశపు తొలి ఐ.ఐ.టి. ఈ భవనంలోనే ఆరంభమైంది. 1990లో ఇక్కడ నెహ్రూ విజ్ఞాన సాంకేతిక ప్రదర్శనశాల ఏర్పడింది.

మధ్యలో ఎత్తైన బురుజు, దానికి ఇరువైపులా సాగిన పొడవైన రెక్కలు: ఇది అధికారాన్ని దూరం నుంచే ప్రకటించే నిర్మాణం. దానిని కూల్చక, దాచక, విద్యకు అప్పగించడం ప్రశంసనీయమైన నిర్ణయం. బంధనం కోసం వాడిన గదులు జిజ్ఞాసకు తెరుచుకున్నాయి. అయితే ఒక చిక్కు మిగులుతుంది. లోపలి యంత్రాలు, నమూనాలు ఈ గోడల చరిత్రనుంచి పుట్టినవి కావు. వస్తువు ఒక కథ చెబుతుంటే గోడ మరొక కథ చెబుతుంది. సందర్శకుడు రెండింటినీ వినగలిగినప్పుడే భవనానికి న్యాయం జరుగుతుంది.

ఈ చిక్కుకు ప్రతిబింబం నాగార్జునకొండలో కనిపిస్తుంది. 1954 నుంచి 1960 వరకు జరిగిన తవ్వకాలలో వెలుగు చూసిన లోయ జలాశయంలో మునిగింది. శిల్పాలు, అవశేషాలు కొండమీదికి చేరాయి. వాటికోసం విహారాకృతిని అనుసరించి కొత్త ప్రదర్శనశాలను నిర్మించారు. అక్కడ వస్తువులు ఉన్నాయి, వాటి స్థలం నీటి అడుగున ఉంది. హిజ్లీలో స్థలం నిలిచి ఉంది, వస్తువులు వేరొకచోటివి. నాగార్జునకొండ రూపశిల్పులు లోయ లేని లోటును భవనాకృతితో కొంతవరకు పూరించదలచారు. హిజ్లీకి ఆ శ్రమ అక్కరలేదు. ఉన్న గోడను మాట్లాడనిస్తే చాలు.

మూడవ ఉదాహరణ అదే పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో, దాంతన్ సమీపాన ఉన్న మొగల్‌మారి. కలకత్తా విశ్వవిద్యాలయానికి చెందిన అశోక్ దత్తా నాయకత్వంలో 2003-04లో మొదలైన తవ్వకాలు సఖీసోనా దిబ్బ కింద బౌద్ధ విహారాన్ని వెలికితీశాయి. ఇటుక గోడలు, సున్నపు గచ్చు శిల్పాలు ఒకే చోట దొరికాయి. గోడను చూచినవాడు శిల్పం ఎక్కడ ఉండేదో, శిల్పాన్ని చూచినవాడు గోడ ఎందుకు అలా మలుపు తిరిగిందో గ్రహించగలడు. స్థలమూ వస్తువూ కలిసి ఉండటం వల్ల కలిగే లాభం ఇది.

విహారంలోని చిన్న గది, నిర్బంధ శిబిరంలోని గది కొలతల్లో ఒకదానికొకటి దగ్గరగా ఉండవచ్చు. మొదటిది భిక్షువు స్వయంగా ఎంచుకున్నది. రెండవది బలవంతంగా విధించినది. ఈ తేడాను ఇటుక చెప్పలేదు, వివరణ ఫలకం చెప్పాలి. కనుక పాత కట్టడాన్ని ప్రదర్శనశాలగా మార్చేవారు తొలి ఫలకాన్ని వస్తువు పక్కన కాక గడప దగ్గర ఉంచాలి: ఈ గదిలో ఎవరు ఉండేవారు, ఎందుకు ఉండేవారు, తలుపు ఎవరి చేతిలో ఉండేది. ఆంధ్రదేశపు బౌద్ధ క్షేత్రాలలో కొత్త ప్రదర్శనశాలలను తలపెట్టే వారికీ ఈ క్రమమే శ్రేయస్కరం. పూరీ గేట్ మీదుగా మళ్ళీ వెళ్ళేవారు ఈసారి బురుజు ఎదుట కాసేపు ఆగి, ఆ తరువాతే లోపలికి అడుగు పెట్టాలి.