‘బావుంది’ తర్వాత ఏమంటాం?

రచయిత్రులం ఒకరి కథ ఒకరికి చదివి వినిపించుకోవడం, ఆపైన గంటలకొద్దీ చర్చించుకోవడం మనకి కొత్తకాదు. ఏ మాట రచనని ముందుకు నడిపిస్తుందో, ఏ మాట రచయిత్రిని నోరుమూయిస్తుందో మనకి అనుభవమే. ఇదే పని ఇవాళ నటనారంగంలోకి రావాలనుకుంటున్న యువతులు ఒకరికొకరు చేసుకుంటున్నారు. దాన్ని విమర్శగా మనం ఇంకా గుర్తించలేదు.

ఆడిషన్‌ని ఇంట్లోనే ఫోన్‌తో చిత్రీకరించి పంపడాన్ని ‘సెల్ఫ్ టేప్’ అంటున్నారు. 2020లో కోవిడ్ వచ్చాక ఇది బాగా వ్యాపించింది. వెనక ఖాళీ గోడ, ముఖం మీద వెలుతురు, కెమెరా పక్కన నిలబడి ఎదుటి పాత్ర మాటలు చదివే మనిషి ఉంటే చాలు. అపరిచితుల ఆఫీసుల్లోకి ఒంటరిగా వెళ్ళాల్సిన అగత్యం కొంత తగ్గింది. అవకాశాల పేరుతో జరిగే లైంగిక దోపిడీపై 2018లో హైదరాబాద్‌లో రేగిన చర్చ, 2024 ఆగస్టులో కేరళలో బయటికొచ్చిన హేమ కమిటీ నివేదిక గుర్తున్నవాళ్ళెవరూ దీన్ని చిన్న విషయం అనరు. అయితే స్థలం, వెలుతురు, పదేపదే తీసే శ్రమ అన్నీ నటి నెత్తినే పడ్డాయి. 2023లో అమెరికా నటుల సంఘం చేసిన సమ్మెలో ఈ భారం కూడా ఒక అంశమైంది.

పంపిన టేపుకి చాలాసార్లు జవాబు రాదు. ఎందుకు కాదన్నారో తెలియదు. కాబట్టి పంపేముందు స్నేహితురాలు చెప్పే మాటే ఆ నటనకి దొరికే ఏకైక విమర్శ కావచ్చు. ఆ మాట ఎలా ఉంటోందన్నది అందుకే ముఖ్యం.

నేను విన్నంతలో అది రెండు రకాలుగా ఉంటోంది. మొదటిది ‘బావుంది, పంపెయ్’. ప్రేమతో అన్నా అది పని చెయ్యని మాట. రెండోది అవకాశం ఇచ్చేవాడి కళ్ళు అరువు తెచ్చుకుని మాట్లాడడం. ‘కాస్త నవ్వు’, ‘ఆ చున్నీ తీసెయ్’, ‘లైటు పెంచు’, ‘యాస తెలిసిపోతోంది’. ఇవన్నీ సాంకేతిక సలహాల్లాగే వినిపిస్తాయి. ముఖంలో కదలికలు కనబడకపోతే లైటు పెంచమనడం సబబే. అన్నీ కనబడుతున్నా పెంచమంటున్నామంటే మనం మాట్లాడుతున్నది ఆమె రంగు గురించి. స్త్రీ తనని తాను, చూడబడుతున్న మనిషిగా చూసుకుంటుందని జాన్ బెర్జర్ 1972లోనే అన్నాడు. సినిమా చూపు మగవాడిదని లారా మల్వీ 1975లో వాదించింది. ఆ చూపు మన స్నేహాల్లో సలహా రూపంలో తిరుగుతోంది.

యాస సంగతీ అంతే. తెలంగాణ భాషని చాలాకాలం హాస్యగాళ్ళకీ విలన్లకీ కేటాయించిన తెలుగు సినిమాలోనే ‘ఫిదా’ (2017), ‘బలగం’ (2023) వచ్చాయి. తెలంగాణ అమ్మాయి పాత్రకి సాయిపల్లవి సొంత గొంతుతో మాట్లాడింది. కథానాయికల గొంతు తరచుగా ఇంకొకరిదై ఉండే పరిశ్రమలో అది విశేషమే. అయినా ‘యాస తగ్గించు’ అనే సలహా ఆగలేదు.

‘పరిశ్రమ అడిగేది అదే, దాచిపెట్టి ఏం లాభం?’ అనవచ్చు. దాచక్కర్లేదు. కానీ ‘వాళ్ళు ఇలా అడుగుతారు’ అనడం వేరు, ‘నీ నటనలో ఈ లోపం ఉంది’ అనడం వేరు. మార్కెట్ వివక్షని నటి లోపంగా అనువదించకపోవడం విమర్శకురాలి కనీస బాధ్యత.

అమెరికన్ నృత్యకారిణి లిజ్ లెర్మన్ 1990లో మొదలుపెట్టిన ఒక పద్ధతి ఇక్కడ ఉపయోగపడుతుంది. అందులో నాలుగు మెట్లు. చూసినవాళ్ళు తమని తాకినదేమిటో ముందు చెప్తారు. తర్వాత కళాకారిణి తన ప్రశ్నలు అడుగుతుంది. ఆపైన చూసినవాళ్ళు తీర్పు కలవని ప్రశ్నలు అడుగుతారు. చివరగా, ఆమె అనుమతిస్తేనే, అభిప్రాయం చెప్తారు.

ఒక టేపు కోసం ఎదుటి పాత్ర మాటలు నేను చదివాను. పెళ్ళి వద్దని కూతురు తండ్రితో చెప్పే సన్నివేశం. చూసిన ఒకామె ‘ఇక్కడ ఏడిస్తే బావుండేది’ అంది. ఇంకొకామె ‘ఆ మాట అన్నాక పక్కకి చూశావు, అక్కడెవరున్నారు?’ అని అడిగింది. ‘అమ్మ’ అంది నటి. స్క్రిప్టులో అమ్మ లేదు. మళ్ళీ తీసినప్పుడు ఆ చూపు ఇంకొంచెంసేపు నిలిచింది. ఏడుపు అవసరం పడలేదు. మొదటి మాట అలవాటైన ఆడదాన్ని కోరింది. రెండోది ఆమె అప్పటికే చేసిన పనిని చూసింది.

ఈ పద్ధతికీ పరిమితులున్నాయి. తీర్పు లేని ప్రశ్న అంత సులువు కాదు. ‘ఇలాగే మాట్లాడతావా?’ అన్న ప్రశ్నలో కులం, ప్రాంతం వినబడే అవకాశం ఉంది. మర్యాద కోసం నిజం మింగితే మళ్ళీ ‘బావుంది’ దగ్గరికే వస్తాం. నటన అబద్ధంగా ఉంటే అలా ఉందని, ఎక్కడుందో చూపించి చెప్పాలి. వినేవాళ్ళ పక్షాన ఉన్న హక్కు కూడా తక్కువది కాదు. ‘నాకు ఈ వాక్యం గురించి చెప్పండి, నా ఒంటి గురించి వద్దు’ అని నటి ముందే చెప్పగలగాలి.

మన కథా గోష్ఠుల్లో కూడా ‘ఈ పాత్రకి ఇంత కోపం ఎందుకు?’ అన్న ప్రశ్న తరచుగా వింటుంటాం. అది అడిగేముందు, ఆ పాత్ర కోపంగా ఏం చేసిందో, దాన్ని రచయిత్రి ఏ వాక్యంలో చూపించిందో చెప్పగలమా? ఆ పని నేర్చుకోవడానికి ఈ అమ్మాయిల పక్కన కూర్చుని ఒక టేపు చూసినా మనకి నష్టం లేదు.