రాయవేలూరు ఉత్తరం, తహసీల్దారు పత్రం

జమ్మలమడుగు దాపున ఒక క్రైస్తవ ఇంట్లో ఇంటర్ బైపీసీ చదివిన అమ్మాయి ఉందనుకుందాం. డాక్టరు కావాలని ఆశ. నీట్ రాసింది. ఇప్పుడామె ముందు రెండు దరఖాస్తులున్నాయి. ఒకటి మన పెద్దలు రాయవేలూరు ఆసుపత్రి అని పిలుచుకునే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలది. రెండోది కర్నూలు వైద్య కళాశాల, కడప రిమ్స్ లాంటి ప్రభుత్వ కాలేజీలది. మొదటిదానికి క్రైస్తవ సంఘం ఇచ్చే ఉత్తరం బలం. రెండోదానికి తహసీల్దారు ఇచ్చే పత్రం బలం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే, మన సీమలో క్రైస్తవ బిడ్డకు చదువు ఏ షరతుల మీద దొరుకుతుందో తెలుస్తుంది.

ముందు వేలూరు సంగతి. మిషనరీ డాక్టరు ఐడా స్కడర్ 1900లో ఒకే ఒక్క మంచంతో అక్కడ వైద్యం మొదలుపెట్టారు. 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల తెరిచారు. 1942లో ఎంబీబీఎస్ వచ్చింది, 1947లో మగపిల్లలకూ ప్రవేశం దొరికింది. రాయలసీమ రోగులకు అది పరాయి ఊరు కాదు. ఇక్కడ నయం కాని జబ్బు ఏదైనా, చివరికి రాయవేలూరికి తీసుకుపోండి అనడం మన ఇళ్లలో పాతమాటే.

ఆ కాలేజీ దరఖాస్తులో ప్రత్యేకత స్పాన్సర్‌షిప్. కళాశాలలో సభ్యత్వమున్న ఒక క్రైస్తవ సంఘం, ఈ బిడ్డను మేం పంపుతున్నామని రాసి ఇస్తుంది. బదులుగా ఆ బిడ్డ చదువు ముగిశాక రెండేళ్లు, సంఘం చూపిన చోట, డాక్టర్లు చాలని ఆసుపత్రిలో పనిచేస్తానని ఒప్పుకుంటుంది. ఈ ఒప్పందం వెనక ఉన్న అవసరం సీమవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. జమ్మలమడుగులో లండన్ మిషన్ కట్టిన క్యాంబెల్ ఆసుపత్రి లాంటివి నిలబడాలంటే కట్టడాలు చాలవు, వచ్చి ఉండే డాక్టరు కావాలి. ఎండలకూ నీటి కొరతకూ జడిసి పట్నం డాక్టరు రాని చోటికి, ఆ చోటి బిడ్డనే చదివించి తెచ్చుకోవాలన్నది ఆ ఉత్తరంలోని ఆలోచన.

ప్రభుత్వ దరఖాస్తు నడక వేరు. కర్నూలు వైద్య కళాశాల 1957 నాటిది, కడప రిమ్స్ 2006లో వచ్చింది. ఇక్కడ రాజ్యాంగం 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మాట చెల్లుతుంది. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిధిలో చదివిన స్థానికులకు 85 శాతం సీట్లు. అందుకే స్టడీ సర్టిఫికెట్ల కోసం బడుల చుట్టూ తిరుగుడు. ఆ తర్వాత తహసీల్దారు ఇచ్చే కుల ధ్రువీకరణ. ఈ దరఖాస్తు నువ్వు ఎక్కడిదానివి, ఏ కులం నుంచి వచ్చావు అని అడుగుతుంది. తరతరాల అన్యాయాన్ని లెక్కలోకి తీసుకోవాలంటే ఆ ప్రశ్నలు అడిగి తీరాలి. కానీ రేపు ఎక్కడ వైద్యం చేస్తావన్న ప్రశ్నకు ఆ దరఖాస్తులో చోటు లేదు. వేలూరు ఉత్తరం రేపటిని అడుగుతుంది, తహసీల్దారు పత్రం నిన్నటిని అడుగుతుంది.

రెండు కాగితాలూ ఒకదానితో ఒకటి ఢీకొనే చోటు మతం దగ్గరుంది. కర్నూలు, కడప జిల్లాల క్రైస్తవుల్లో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాల వాళ్లు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో బాప్తిస్మం పొందిన దళితులు, వాళ్ల సంతానం బీసీ-సి కిందికి వస్తారు. ఎస్సీలకు 15 శాతం, బీసీ-సికి 1 శాతం. అదే మాలపల్లె, అదే కూలి, ఊళ్లో అదే చూపు. బాప్తిస్మ పత్రం ఒక్కటే తేడా.

అంటే ఒకే అమ్మాయి ఒకే ఏడాది వేలూరికి తన విశ్వాసాన్ని రుజువు చేసుకోవాలి, తహసీల్దారు దగ్గర అదే విశ్వాసం వల్ల నష్టపోవాలి. లేదా ఆదివారం గుడికి పోతూ సోమవారం కాగితం మీద హిందువునని రాయించుకోవాలి. అట్లా రాయించుకున్న కుటుంబాలను నేను నిందించలేను. వాళ్లను ఆ స్థితికి తెచ్చిన నియమాన్నే నిందిస్తాను. క్రైస్తవులైనంత మాత్రాన కులం పోలేదని ఊరికి తెలుసు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ కూడా షెడ్యూల్డు కులాల హోదాను మతంతో ముడిపెట్టవద్దని సిఫారసు చేసింది. ఈ ఒక్క విషయంలో రెండు కాగితాల్లో తహసీల్దారు పత్రానిదే పెద్ద తప్పు.

అయితే సంఘం ఉత్తరానికి తన తప్పులు తనకున్నాయి. అది నువ్వు ఎవరి బిడ్డవని అడుగుతుంది. కడప, జమ్మలమడుగు వైపు లండన్ మిషన్ వచ్చింది. ముత్యాలపాడు, నంద్యాల, కలసపాడు వైపు ఎస్పీజీ మిషన్, కర్నూలుకు అమెరికన్ బాప్టిస్టులు వచ్చారు. నూరేళ్ల పైచిలుకు కిందట మీ తాతల పల్లెకు ఏ దొర గుర్రమెక్కి వచ్చాడన్నదాన్ని బట్టి, ఇవాళ నీ ఉత్తరం మీద ఎవరు సంతకం పెట్టాలో తేలుతుంది. ఇప్పుడు పల్లె పల్లెనా స్వతంత్ర సంఘాలున్నాయి. రేకుల షెడ్డు కింద ప్రార్థన చేసుకునే ఆ బిడ్డకు సంతకం పెట్టే బిషప్పు గారెవరు? పాత సంఘాల్లోనూ ఆ అవకాశం గురించి పట్నంలోని పెద్ద కుటుంబాలకు తెలిసినంతగా పల్లె అయ్యగారికి తెలియదు. సేవ కోసం పుట్టిన ఉత్తరం పరిచయాల దారిలో నడిస్తే దాని ఆత్మ పోయినట్టే.

ఈ లోపాన్ని నీట్ కొంత సరిచేసింది. 2013లో సుప్రీంకోర్టు నీట్‌ను కొట్టేసిన తీర్పు వేలూరు కళాశాల పేరుతోనే ఉంది. 2016లో ఆ తీర్పును వెనక్కి తీసుకున్నారు. 2017లో కళాశాల తన 100 ఎంబీబీఎస్ సీట్లలో ఒక్కటే నింపి నిరసన తెలిపింది. 2020 ఏప్రిల్ 29న, మళ్లీ ఆ కళాశాల పేరుతోనే ఉన్న కేసులో, మైనారిటీ కాలేజీలకూ నీట్ తప్పదని కోర్టు తేల్చింది. ఇప్పుడు ఉత్తరం ఉన్నవాళ్లలోనూ ర్యాంకే వరుస నిర్ణయిస్తుంది. పరిచయం బలం తగ్గింది, మంచిదే. కానీ ర్యాంకు మనిషిని ఎరగదు. కోచింగుకు డబ్బు కట్టగలిగిన ఇల్లు దానికి ఎప్పుడూ దగ్గరే. వేలూరు వాళ్లు వెనుకటి పద్ధతిలో పిల్లలను పిలిపించి, మాట్లాడి, సేవాభావం చూసి తీసుకునేవాళ్లు. ఆ చూపు ర్యాంకుకు లేదు.

నా తీర్పు ఇది. ప్రశ్నల్లో వేలూరు ఉత్తరానిది మేలైన ప్రశ్న. వాకిలి మాత్రం ప్రభుత్వ దరఖాస్తుదే వెడల్పు. వేలూరు తన రెండేళ్ల సేవ షరతును ఎన్నటికీ వదలకూడదు. ప్రభుత్వం ఆ షరతును నేర్చుకోవాలి, దళిత క్రైస్తవ బిడ్డకు ఎస్సీ హోదా ఇవ్వాలి.

కర్నూలు, కడప సంఘాల పెద్దలకు నా మనవి. స్పాన్సర్‌షిప్ తేదీలను ప్రతి పల్లె గుడిలో, ఆదివారం ఆరాధనలో, అందరికీ వినబడేలా చదివించండి. స్వతంత్ర సంఘాల పిల్లలకూ మీ సంతకం అందే దారి చూడండి. పంపిన బిడ్డల పేర్లు, వాళ్లు తిరిగొచ్చి పనిచేసిన ఆసుపత్రుల పేర్లు గుడి గోడ మీద రాయండి. ఆ గోడను చూసి పెరిగిన పిల్లలు తమ ఊరికి తిరిగి రావడం గౌరవమని నేర్చుకుంటారు.