గజాలీ ఆత్మకథ: సంకల్పం ఓడిన ఆరు మాసాలు

తీవ్రమైన మనోవ్యాధితో బాధపడేవానికి మనం సాధారణంగా చెప్పే మాట ఒక్కటే: "గుండె దిటవు చేసుకో." అతడు కోలుకోకపోతే సంకల్పబలం చాలలేదంటాము. విశ్వాసమే చాలలేదనేవారూ ఉన్నారు. ఇమామ్ గజాలీ ఆత్మకథ 'అల్ మున్ఖిజ్ మినద్దలాల్'ను కూడా ఈ వాదానికి సాక్ష్యంగా చూపేవారున్నారు. ఒక మహావిద్వాంసుడు దృఢనిశ్చయంతో పదవినీ ప్రతిష్ఠనూ తృణప్రాయంగా త్యజించాడని వారు చెబుతారు. గ్రంథాన్ని శ్రద్ధగా చదివితే ఈ కథ నిలవదు.

గజాలీ 1091లో, సుమారు ముప్పది మూడేళ్ల వయస్సులో, బాగ్దాదు నిజామియా విద్యాలయంలో ప్రధానాచార్యుడయ్యాడు. 1095 జూలైలో, అనగా హిజ్రీ 488 రజబ్ మాసంలో, ఆయన అంతస్సంఘర్షణ తీవ్రరూపం దాల్చింది. తన బోధనకు ప్రేరణ దైవప్రీతి కాదనీ, కీర్తికాంక్ష అనీ ఆయనకు స్పష్టమైంది. బాగ్దాదు విడిచి వెళ్లాలని నిశ్చయించుకొనేవాడు; మళ్లీ తానే ఆ నిశ్చయాన్ని మార్చుకొనేవాడు. ఉదయం కుదిరిన సంకల్పం సాయంత్రానికి చెదిరిపోయేది. దాదాపు ఆరు మాసాలు ఇలాగే గడిచాయి. తుదకు మాట పడిపోయింది. విద్యార్థుల తృప్తి కోసం ఒక్క రోజైనా పాఠం చెబుదామన్నా నాలుక కదలలేదు. అన్నపానాలు సయించలేదు. ఇది హృదయంలో పుట్టి దేహానికి పాకిన వ్యాధి అని చెప్పి వైద్యులు ఆశ వదులుకున్నారు.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆయనకు జ్ఞానం తక్కువా? ఆ కాలపు విద్వాంసులలో అగ్రగణ్యుడు. పట్టుదల తక్కువా? ఎన్నిసార్లు నిశ్చయించుకున్నాడో ఆయనే రాశాడు. అయితే సంకల్పించిన మనస్సూ, ఆ సంకల్పాన్ని కూలద్రోసిన మనస్సూ ఒక్కటే. విరిగిన చేతితో బరువెత్తమంటే ఎట్లా? ఎత్తబోయిన కొద్దీ నొప్పి పెరుగుతుంది. ఎత్తలేకపోయానన్న సిగ్గు దానికి తోడవుతుంది. తన ఎంపిక శక్తి పూర్తిగా కుప్పకూలిందని గ్రహించి, నిస్సహాయుడై అల్లాహ్‌ను శరణు వేడిన తర్వాతనే తనకు దారి సుగమమైందని గజాలీ స్వయంగా చెప్పుకున్నాడు.

తర్వాత జరిగినదీ గమనార్హమే. తనకూ పిల్లలకూ చాలినంత ఉంచుకొని తక్కిన ధనం పంచిపెట్టాడు. తన వేదనతో ముడిపడిన కొలువుకు దూరమయ్యాడు. సిరియా దేశంలో సుమారు రెండేళ్లు ఏకాంతసాధనలో గడిపాడు. తిరిగి నీషాపూర్‌లో బోధన చేపట్టింది 1106లో. అంటే పరిసరాలు మారాయి, దినచర్య మారింది, పదేళ్లకు పైగా కాలం పట్టింది. ఒక్క పూట దృఢనిశ్చయంతో జరిగిన పని కాదు ఇది.

ఈ గ్రంథానికి ఒక కొరత ఉంది. కథ అంతా ఆత్మకూ దైవానికీ మధ్యనే నడుస్తుంది. చేయూతనిచ్చిన మనుషులు దాదాపు కనిపించరు. ఆ కొరతను అంతకు ముందటి మరొక గ్రంథం తీరుస్తుంది. అబూ జైద్ అల్ బల్ఖీ (మరణం 934) తన 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్'లో దేహానికి వలెనే మనస్సుకూ వ్యాధులుంటాయని వివరించాడు. కారణం తెలియని విషాదం కొందరిలో శరీరదోషం వల్ల కలుగుతుందన్నాడు. తనలో తాను చెప్పుకొనే ధైర్యవచనాలతోపాటు ఇతరుల హితబోధ కూడా చికిత్సలో భాగమన్నాడు.

గజాలీ వ్యాధికి నేటి వైద్యశాస్త్రపు పేరు తగిలించడం సాహసమే అవుతుంది. కొలువు విడిచి దేశాంతరం పోవడం అందరికీ సాధ్యమూ కాదు. సంకల్పానికి చోటే లేదనడమూ పొరపాటే. వైద్యుని గుమ్మం తొక్కడానికీ, ఆప్తునితో నోరు విప్పడానికీ అది కావాలి. ఆ పైన భారం మరొకరు కూడా మోయాలి. గజాలీ అంతటివాని నాలుకనే కట్టివేసిన బాధను, మన ఇంటివానిలో చూసి బలహీనత అని నిందించే హక్కు మనకెక్కడిది?