దశాసంధి

గత ఆదివారము ప్రొద్దుననే, చెయ్యేటి దరినున్న పల్లెనుండి మా దూరపు బంధువుల పిల్లవాడొకడు వచ్చి, మా యింటి అరుగుపై కూర్చుండి, ఇచ్చిన కాఫీ చల్లారిపోవు దనుక మాటాడక, తుదకు జేబులోని ఫోను తీసి నా ముందుంచి, "చూడు మామా, నేను పుట్టినప్పుడు శని యాడుండెనో మళ్లా ఆడికే వచ్చినాడంట. ఇది పోయేదాకా ఏ పనీ మొదులు పెట్టొద్దంటాండారు" అనెను. ఆ మాటలో భయముకంటె ఊరట యెక్కువగా వినబడినందున నా మనస్సు చివుక్కుమనెను. వారమంతయు ఆ కంఠస్వరము నన్ను విడువలేదు.

ఆతడు 1997లో పుట్టినవాడు. ఇక్కడనే ఇంజనీరింగు ముగించి, బెంగుళూరులో నాలుగేండ్లు ఉద్యోగము చేసి, ఒకనాడు ఎవరితోను జగడమాడకయే దానిని వదలి వచ్చినాడు. తండ్రి, మా ప్రాంతమున ఎందఱో తండ్రులవలె, కువైటులో డ్రైవరు. ఉన్న నాలుగెకరముల చేనిలో సగము, 2021 నవంబరు 19వ తేదీ ఉదయమున అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పల్లెలమీద పడినప్పుడు, ఇసుక మేట క్రిందికి పోయినది. తండ్రి కువైటుకు రమ్మనును. తల్లి గ్రూప్సు పరీక్ష వ్రాయుమనును. చిన్నాయన పెండ్లి చేసికొమ్మనును. వీరిలో ఎవరిని కాదనుటకును ఆతనికి మాట లేదు, ఎవరికి ఔననుటకును మనసు లేదు. అట్టి సమయమున ఫోను ఆతనికొక మాటను చేతికిచ్చినది: శని.

నేను జ్యోతిషమును త్రోసిపుచ్చువాడను కానని ఈ శీర్షికను క్రమముగా చదువువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ప్రతి ఉగాదికిని నేను పాడు పాత పాట వారికి కంఠతా వచ్చియుండును: పంచాంగము సామాన్యుని యింట నుండు గణితగ్రంథము, దానిని పూజగదిలో పెట్టుటకు మునుపు చదువ నేర్వవలెను, ఎవరి చక్రము వారే వేసికొనవలెను, అని. 2001లో విశ్వవిద్యాలయములందు జ్యోతిష పాఠ్యక్రమములు పెట్టవచ్చునని యు.జి.సి. నిర్ణయించినప్పుడు, హైదరాబాదులోని సి.సి.ఎం.బి. స్థాపకులైన పుష్పమిత్ర భార్గవగారు దానిని హైకోర్టులో ఎదిర్చి, అక్కడ ఓడి, సుప్రీంకోర్టునకు పోయి, 2004లో అక్కడను ఓడిరి. ఆ కాలమున నేను వినిన వాదములన్నియు ఇది శాస్త్రమా కాదా యను ప్రశ్నచుట్టును తిరిగినవే. ఆ ప్రశ్న గొప్పదే. కాని ఇరువదియెనిమిదేండ్ల వయసున నడిరేయి నిద్రపట్టక పొర్లాడువాని ప్రశ్న వేఱు. ఇది యెప్పుడు ముగియును? వానికి కావలసిన దంతయే.

లెక్కమట్టుకు ఫోను తప్పు చెప్పలేదు. శని సూర్యుని చుట్టివచ్చుటకు రమారమి ఇరువదితొమ్మిదిన్నర సంవత్సరములు పట్టును గనుక, 1997లో మీనమందున్నవాడు ఇప్పుడు మరల మీనమందే యున్నాడు. గురుడు పండ్రెండేండ్లకు కొంచెము తక్కువలో ఒక చుట్టు ముగించును. గురునికి ఐదు చుట్లు, శనికి రెండు చుట్లు నిండునది ఇంచుమించు అరువదవ యేటి యంచున. ఆ రెండవ రాకకు మనము షష్టిపూర్తి యని పేరు పెట్టి, ఆలుమగలను మరల పీటలపై కూర్చుండబెట్టి, మరల సూత్రము కట్టించి, ఊరికి అన్నము పెట్టుదుము. మొదటి రాకకు ఏ యింటను ఒక దీపమైనను వెలిగింపరు. చదువు ముగిసి కుదురు చిక్కని ఆ వయసువానికి బంధువులు కానుకగా నిచ్చునవి ప్రశ్నలే.

పండుగ లేకున్నను పేరు కలదు. నరునికి నూటయిరువది యేండ్ల పరమాయువని యెంచి, దానిని తొమ్మిది గ్రహములకు పంచిన వింశోత్తరి లెక్కలో, ఒక గ్రహము దశ ముగిసి మఱియొక దాని దశ యారంభమగు నడిమి కాలమును దశాసంధి యందురు. రాహువు పోయి గురుడు వచ్చు సంధికి మా పెద్దలు మిక్కిలి జడిసెడివారు. సంధి యను మాటయే చిత్రమైనది. పగలు పోక రాత్రి రాక నిలిచిన ప్రొద్దు సంధ్య. జ్వరము ముదిరి పలవరించువానికి సంధి పుట్టినదందురు. వ్యాకరణమున రెండు అచ్చులు తాకినచోట ఒకటి లోపించును, అదియు సంధియే. ఆ వయసు దాటినవారికి ఈ మూడర్థములును అనుభవములే.

నా సంధి 1983లో వచ్చినది. కడపలో ఒక కార్యాలయమున గుమాస్తాగా నుంటిని. నందలూరు దాపున ఒక పల్లెలో నొక అవ్వ, సంగటికి రాగులు విసరుచు, నేను మఱెక్కడను విననట్టి పాటలు పాడెడిది. తిరుగలి తిరుగనిదే ఆమెకు పాట రాదు; గింజలు ముగిసిన పాటయు ముగియును. నేను ప్రక్కన కూర్చుండి, ఎడమచేత మఱియొక దోసెడు రాగులు తిరుగలినోట పోయుచు, కుడిచేత వ్రాసికొనెడివాడను. నా నోటుపుస్తకమంతయు పిండి రాలెడిది. ఉద్యోగము మానివేసి, ఇట్టి అవ్వలున్న పల్లెలన్నియు తిరుగవలెనని నా కోరిక. తిండి యెట్లను భయము దానికి తోడు. ఇది చూడలేక మా నాయన నన్ను, ఈ శీర్షికలో నేను పలుమాఱు తలచుకొన్న మా సిద్ధాంతిగారి యొద్దకు, పాత బస్టాండు వెనుకనున్న వారి యింటికి తీసికొనిపోయెను.

ఆయన నా ముఖము చూడకయే పలక తీసికొని, సుద్దముక్కతో పండ్రెండు గళ్లు గీసి, నడిమి చోటు ఖాళీగా విడిచి, మీది వరుసలో ఎడమనుండి రెండవ గడిని మేషముగా నెంచి, అక్కడనుండి 'ర' యని, 'చం' యని, 'రా' యని ఒక్కొక్క యక్షరమును దాని గడిలో దిగవిడిచెను. తరువాత సుద్దను నా చేతికిచ్చి, "లెక్క నువ్వే చెయ్యి నాయనా" అనెను. నాది రోహిణి, పుట్టునప్పటికి ఆ నక్షత్రము సగము గడచినది, కావున చంద్రదశ పదేండ్లలో మిగిలినది ఐదు. కుజునికి ఏడు, పండ్రెండు. రాహువునకు పదునెనిమిది, ముప్పది. ముప్పది నిండిననాడు రాహు మహాదశ ముగిసి గురు మహాదశ వచ్చును. ఆయన నాలుగు మూలల పసుపు పూసిన కాగితముపై ఆ తేదీ వ్రాసి, నా చేతికిచ్చుటకు ముందు మా నాయనను, "పుట్టిన వేళ యెట్లా తెలిసె?" అని అడిగెను. "బొంబాయి మెయిలు కూతేసిన వేళ స్వామీ. మా నాయన పంచాంగం వెనక రాసిపెట్టినాడు" అని మా నాయన బదులు చెప్పెను. సిద్ధాంతిగారు కొంతసేపు ఊరకుండి, నా వైపు తిరిగి, "రైలుకూత గడియారం కాదు నాయనా. నేను రాసిన దినానికి అటూ ఇటూ వదులు పెట్టుకో. బిగించినావంటే తెగుతాది" అనెను.

నేను ఆ వదులును మఱచి తేదీని పట్టుకొంటిని. రెండేండ్లపాటు ఆ కాగితము నా పెట్టెలో బట్టల క్రింద ఉండెను. ఉద్యోగము మానలేదు, పల్లెలు తిరుగలేదు; గురుడు వచ్చిన పిమ్మట అన్నియు తామే కదలునని నమ్మి, అవ్వ యొద్దకు పోవుటయు తగ్గించితిని. ఎదురుచూచుటలో ఒక సుఖము కలదు: ఎదురుచూచువానిని ఎవరును, తుదకు వాని మనస్సైనను, సోమరియని నిందింపదు. ఆ తేదీకి ఇంకను ఏడు నెలలుండగా అవ్వ పోయినది. నా యొద్ద మిగిలినవి పదునొకండు పాటలు.

చాల యేండ్ల తరువాత, సిద్ధాంతిగారును మా నాయనయు గతించినపిమ్మట, మా పెద్దమ్మ నా పుట్టుకను గూర్చి మాటవరుసకు చెప్పుచు, "ఆ పొద్దు మీ నాయన మద్రాసు నుంచి ఆ మెయిలుకే వస్తాండె. బండి రెండు గంటలు ఆలస్యమాయ. నువ్వు పుట్టినాకనే కూత యినిపిచ్చి, దేవుడా వచ్చినాడులే అనుకుంటిమి" అనెను. మా తాత వ్రాసినది మెయిలు రావలసిన వేళ. నేను పుట్టినది అది వచ్చిన వేళ. ఆ రాత్రి నేను కాగితము తీసికొని లెక్క వేసితిని. చంద్రుడొక నక్షత్రమును దాటుటకు ఇంచుమించు ఒక దినము పట్టును. రెండు గంటలు దానిలో పండ్రెండవ పాలు. చంద్రదశ పదేండ్లలో పండ్రెండవ పాలు పది నెలలు. నేను అనుకొన్నదానికంటె పది నెలలు ముందుగనే రాహువు నన్ను విడిచిపోయినాడు. శాస్త్రము చొప్పుననే చూచినను, అవ్వ బ్రతికియున్న చివరి మూడు నెలలు నాకు గురుమహాదశయే. నేను కడపలో కూర్చుండి, లేని రాహువునకు జడియుచుంటిని.

ఇదే కడప సీమకు 1820లో వచ్చిన సి.పి. బ్రౌనును నేనీ సందర్భమున తలపకుండలేను. 1798లో పుట్టిన ఆయన, 1824లో, అనగా ఇరువదియారేండ్లయినను నిండకముందే, పండితులు చిన్నచూపు చూచిన వేమన్న పద్యముల వెంటబడి, తాళపత్రములు కూర్చి, పాఠములు సరిపోల్చి, 1829లో ఆంగ్లానువాదముతో అచ్చు వేయించెను. ఆయన ఇంకను కొన్నేండ్లు ఆగియున్నచో ఎన్ని తాటాకులు చెదల పాలై యుండెడివో! తాటాకునకుగాని, అవ్వకుగాని, మన దశలతో పని లేదు.

ఇన్ని తలచుకొన్నను, ఆదివారమునాడు నేను నా పాత పట్టుదలకే లోబడి, ఆ పిల్లవానికి గణితము నేర్పుటకే పూనుకొంటిని. ఆతనికి నా రైలు చిక్కు లేదు. ఆసుపత్రి చీటీలో పుట్టిన వేళ నిమిషముతో సహా వ్రాసియున్నది. ఇంక లెక్క తప్పదని పెన్సిలు తీసికొని, మొదట శని సంగతియే తేల్చవలెనని పంచాంగములు తెఱచితిని. దృక్ గణితము చొప్పున శని మీనమున ప్రవేశించినది 2025 మార్చి 29న. శనైశ్చరునికి ప్రసిద్ధమైన తిరునళ్ళారు ఆలయమువారు వాక్య పంచాంగమును పాటింతురు గనుక, ఆ ప్రవేశము 2026 మార్చిలోనే యని ప్రకటించిరి. రెండు లెక్కలకు నడుమ పదునొకండు నెలలు! మా మెయిలు నా బ్రతుకున పది నెలలు మ్రింగినది. నిమిషముతో సహా పుట్టిన వేళ తెలిసిన ఈ పిల్లవానికి పదునొకండు నెలల వదులు ఆకాశముననే యున్నది. నేను పెన్సిలు క్రింద పెట్టితిని.

ఎవరి చక్రము వారే వేసికొనవలెనని ఇన్నేండ్లు వ్రాసిన నేను, ముప్పది నిండనివారి మట్టుకు ఆ మాటను ఈ వారము వెనుకకు తీసికొనుచున్నాను. ఆ వయసున లెక్క యెంత చక్కగ నేర్చిన, తేదీమీద నమ్మిక అంత గట్టిపడును. సిద్ధాంతిగారి వదులు చెవిని బడదు. దశ యొకటి ముగియునను మాట వారికి చాలును, అది మేలు చేయు మాట. ఏనాడు ముగియుననునది వారి చేతికీయరాదు.

బుధవారము రాత్రి మంచి వాన కురిసినది. మఱునాడు నేనే వారి పల్లెకు పోయితిని. మా సీమ రైతును మించిన జ్యోతిష్కుడు లేడని నా నమ్మకము: సూర్యుడు ఏ నక్షత్రమందున్నాడో, ఏ కార్తె ఏనాడు పుట్టునో, ఆ పదుమూడు పదునాలుగు దినములలో ఏ పైరు వేయదగునో, అన్నియు ఆతనికి నోటికి వచ్చును. ఐనను మృగశిర పుట్టినదనియో, ఆరుద్ర పుట్టినదనియో, ఎవరును విత్తనము చల్లరు. కార్తె ఆతనిని సిద్ధపఱచును. విత్తు దినమును పదును చెప్పును. పదును చూచుటకు చేనిలో దిగవలెను.

ఇసుక ఎత్తివేసి బాగుచేసికొన్న ఎకరములో చెనిక్కాయ వేయవలెనని వారి తల్లి అనుచుండెను. ఆ పిల్లవాడు గట్టుమీద నా ప్రక్కనే నిలిచియుండి, నేనేమియు అనకముందే చెప్పులు విడిచి దిగి, వ్రేళ్లతో జానెడు లోతు త్రవ్వి, పిడికెడు మన్ను తీసి బిగించి, మరల చేయి తెఱచి చూచెను. మన్ను ముద్దయై నిలిచినది. బొటనవ్రేల నదుమగా విచ్చలేదు, అరచేతికంటుకొనెను. చేతిని తొడకు తుడుచుకొని, "ఇంగా పదును రాలేదు మామా. అడుగున తడి ఎక్కువుండాది. ఎండ కాసిందంటే ఎల్లుండికి గుంటక తోలచ్చు" అనెను. ఫోను గట్టుమీద, విడిచిన చెప్పుల ప్రక్కన ఉండెను.