తలారి మర్యాదలు

కథల పోటీలకు న్యాయనిర్ణేతగా కూర్చున్నప్పుడల్లా నాకు తప్పకుండా తగిలే కథ ఒకటుంది. సంవత్సరం ఏ 2080యో 2100యో. వీధికో కెమెరా, నెత్తిమీద డ్రోన్లు, మనుషులకు పేర్ల బదులు నంబర్లు, ఎక్కడుందో తెలియని ప్రభుత్వం. రెండో పేజీ తిప్పేసరికి కథానాయకుడు తిరగబడతాడు. చదువుతుంటే భయం మాట అటుంచి, ఇంకెన్ని పేజీలున్నాయో వెనక్కి తిప్పి చూసుకోవాలనిపిస్తుంది. రాసేవాళ్ళకు చెయ్యి లేక కాదు. భయమంతా యంత్రాల్లో ఉందని నమ్మడంతో వస్తోంది చిక్కు.

అలాంటి వాళ్ళు కలిసి సలహా అడిగితే వ్లదీమిర్ నబొకొవ్ నవల ‘ఇన్విటేషన్ టు ఎ బిహెడింగ్’ చదవమంటాను. ఇందులో డ్రోన్లూ నంబర్లూ ఏమీ లేవు. ఓ కోట, అందులో ఒక్కడే ఖైదీ, వాడి చుట్టూ మహా మర్యాదస్తులు. మరణశిక్షను చట్టప్రకారం ముద్దాయి చెవిలో గుసగుసగా చెబుతారు. ప్రాసిక్యూటరూ డిఫెన్సు వకీలూ ఒకే తల్లి బిడ్డలై ఉండాలని అక్కడి నియమం. అలాంటి అన్నదమ్ములు దొరక్కపోతే మేకప్ వేసి ఒకేలా తయారు చేస్తారు. శిక్ష పడ్డవాడు కొట్లోకి రాగానే కాపలావాడు వాల్ట్జ్ నాట్యానికి పిలుస్తాడు, ఇద్దరూ వరండాలో గిరగిరా తిరుగుతారు. గోడకు నిబంధనల పట్టిక. ఖైదీ తన హోదాకు తగని కలలు కనరాదన్నది అందులో ఒకటి. మొదటిసారి చదివినప్పుడు ఇక్కడ పకపకా నవ్వాను. నవ్వుతూనే, దీన్ని అమలు చేయడం ఎలా అని ఆలోచనలో పడ్డాను. నబొకొవ్ వల అదే. అర్థంలేని నియమాన్ని గుమాస్తా భాషలో, ఏమాత్రం చలించకుండా రాస్తే, చదివేవాడు తెలియకుండానే దాని సాధ్యాసాధ్యాలు లెక్కవేయడం మొదలుపెడతాడు.

ఖైదీ పేరు సిన్సినాటస్. చేసిన నేరం? ఆ ఊళ్ళో అందరూ ఒకరికొకరు పారదర్శకం. సగం మాటకే పూర్తి అర్థం తెలిసిపోతుంది. ఇతనొక్కడిలోంచే వెలుతురు అవతలికి పోదు. చిన్నప్పటినుంచీ పారదర్శకంగా ఉన్నట్టు నటించడం నేర్చుకున్నాడు పాపం. ఏమరుపాటున దొరికిపోతుంటాడు. అతను పట్టుబట్టి అడిగేది ఒక్కటే: నన్ను చంపేది ఎప్పుడు? ఎవరూ చెప్పరు. జైలు డైరెక్టరు నొచ్చుకుంటాడు, వకీలు తన గోలలో తానుంటాడు. నవల మొదట్లో చక్కగా చెక్కి బల్లమీద ఉంచిన పొడవాటి పెన్సిలు అధ్యాయాలు గడిచేకొద్దీ అరిగి ముక్కవుతుంది. గడువు ఎవరూ చెప్పని చోట రోజులు లెక్కపెట్టే పని రచయిత ఆ పెన్సిలుకు అప్పజెప్పాడు. ఇంతకన్నా పొదుపైన గడియారం నేను ఏ నవలలోనూ చూడలేదు.

ఇక మస్యో పియెర్. పక్క కొట్లో ఖైదీనంటూ పరిచయమవుతాడు. బొద్దుగా, సరదాగా ఉంటాడు. పేకముక్కలతో గారడీలు, చదరంగం, ఫొటోలు, స్నేహం మీద ఉపన్యాసాలు. సిన్సినాటస్ మెచ్చుకోకపోతే, ఇంత మంచి మనిషి పట్ల అంత కృతఘ్నతా అని జైలు డైరెక్టరు చీవాట్లు పెడతాడు. రాత్రుళ్ళు గోడ వెనక ఎవరో తవ్వుతున్న చప్పుడు. ఖైదీకి ఆశ. చివరికి గోడ బద్దలై అందులోంచి పగలబడి నవ్వుతూ దొర్లుకొచ్చేది పియెర్, డైరెక్టరు! ఆ సొరంగంలోంచే అతన్ని తన కొట్లోకి అతిథిగా తీసుకెళ్ళి, సంగీత వాద్యం పెట్టుకునే పెట్టె లాంటిది తెరిచి గొడ్డలి చూపిస్తాడు పియెర్. తలారి తనే. ముందుగా స్నేహం కుదిరితే పని సాఫీగా సాగుతుందని వాళ్ళ పద్ధతి. శిక్ష ముందురాత్రి ఊరి పెద్దలు ఇద్దరికీ విందు ఇస్తారు. మన రిసెప్షన్ హాళ్ళ ముందు వధూవరుల పేర్లలోని తొలి అక్షరాలు బల్బులతో వెలిగించినట్టు, ఇద్దరి అక్షరాలూ కలిపి ఊరంతటా దీపాలు పరుస్తారు. అదీ సరిగ్గా కుదరదు.

ఈ వ్యవస్థకు సిన్సినాటస్ తల ఒక్కటీ చాలదు. అతను నవ్వుతూ, థాంక్యూ చెప్పి మరీ ఇవ్వాలి. పోటీకి వచ్చే కథల్లో నాకు దొరకనిది ఇదే. వాటిలో ప్రభుత్వం శత్రువులా వస్తుంది కాబట్టి ఎదిరించడం తేలిక. ఆప్యాయంగా భుజం మీద చెయ్యి వేసినవాణ్ణి విదిలించుకోవడమే కష్టం. రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ చదివిన మనకు కోర్టు ప్రహసనం నవ్విస్తూనే కడుపులో చెయ్యిపెట్టి దేవడం కొత్తేమీ కాదు. అయితే ఆయన లోకంలో కేసుకు కారణం సారా. ఇక్కడ అది కూడా అక్కర్లేదు.

నబొకొవ్ దీన్ని 1934లో బెర్లిన్‌లో రాశాడు. మరో పెద్ద నవల పక్కన పెట్టి, తొలి ప్రతి రెండు వారాల్లో ముగించాడట. విప్లవంతో రష్యా వదిలొచ్చిన కుటుంబం, భార్య వేరా యూదు, హిట్లర్ గద్దెనెక్కి ఏడాది దాటింది. తండ్రి న్యాయకోవిదుడు, మరణశిక్షకు విరోధి. 1922లో అదే బెర్లిన్‌లో మరొకరికి గురిపెట్టిన హంతకులకు అడ్డుపడి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇవన్నీ తెలిశాక పియెర్ తీపిమాటల మీద నాకు నవ్వు తగ్గింది. అయినా నవలలో ఏ దేశం పేరూ, ఏ పార్టీ పేరూ లేదు. కోపాన్ని అంతగా దాచుకోవడం చేతకాకే మనలో చాలామంది కథలు కరపత్రాలవుతాయి. నావీ కొన్ని.

ముగింపు మీద మాత్రం గొడవలున్నాయి. వధ్యశిల మీద తల పెట్టిన సిన్సినాటస్, నేనెందుకు ఇక్కడున్నానని లేచి నడిచిపోతాడు. నాటకం తెరల్లా ఊరంతా కూలిపోతుంది. ఇది మోసం, అంత తేలికగా లేచిపోగలిగితే ముందే పోవచ్చుగా అంటారు కొందరు. నాకూ అనుమానం తీరలేదు. కానీ అతను తిరుగుబాటు ఉపన్యాసం ఇచ్చి ఉంటే పుస్తకం అక్కడే మూసేసేవాణ్ణి.

1959లో కొడుకు ద్మీత్రి, తండ్రి చేయి కూడా వేయగా, ఇంగ్లీషులోకి తెచ్చిన ప్రతి దొరుకుతుంది. ముందుమాట చివర్లో చదవండి. కాఫ్కాతో పోల్చేవాళ్ళను అందులో దులిపేశాడు నబొకొవ్, ఇది రాసేనాటికి కాఫ్కాను చదవనే లేదంటూ. ముందే చదివితే మీకు తోచిన పోలికలన్నీ బెదిరిపోతాయి.