పెండింగ్ అని పడితే

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగితే చాలు, ఐబీపీఎస్, ఎస్‌బీఐ పీఓ కోచింగ్ బోర్డులు కనిపిస్తాయి. ఇక్కడ ‘బ్యాంకు జాబ్’ అంటే పరీక్ష రాసి బ్రాంచిలో కూర్చోవడం. సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవాళ్ళ చూపంతా హైటెక్ సిటీ మీద ఉంటుంది. నా ఉద్యోగం ఈ రెండింటికీ మధ్యలోది. ఒక పెద్ద బ్యాంకులో టెక్నాలజీ పని. 2018 సెప్టెంబరులో మెట్రో ఎల్బీనగర్ దాకా వచ్చాక, ఇల్లు మారకుండానే హైటెక్ సిటీ వైపు ఉద్యోగాలు చేయడం మాలాంటివాళ్ళకు సులువైంది.

నీ పనేంటన్నా అని పిల్లలు అడిగితే యాప్ గురించి చెప్పను. పెండింగ్ గురించి చెబుతాను.

కొత్తపేటలో బండి మీద జామకాయలు కొని స్కాన్ చేశారు. మీ ఖాతాలో డబ్బు కట్ అయింది. యూపీఐ చెల్లింపులను నడిపే ఎన్‌పీసీఐ స్విచ్ మీదుగా బండాయన బ్యాంకుకు మెసేజ్ వెళ్ళింది. జవాబు రాలేదు. డబ్బు జమయి జవాబే దారిలో ఆగిపోయిందా, అసలు జమే కాలేదా? ఆ క్షణాన మీ బ్యాంకు సిస్టమ్‌కు తెలియదు. ఫోన్‌లో ‘పెండింగ్’ అని పడుతుంది. స్పీకర్ మోగలేదు కాబట్టి బండాయన “ఇంకోసారి కొట్టండి సార్” అంటాడు. వెబ్ పేజీ తెరుచుకోకపోతే మళ్ళీ నొక్కుతాం, పోయేదేమీ లేదు. ఇక్కడ మళ్ళీ నొక్కితే డబ్బు రెండుసార్లు పోవచ్చు. అందుకే ప్రతి లావాదేవీకీ ఒక రిఫరెన్స్ నంబర్ ఉంటుంది. జవాబు రానప్పుడు అదే నంబరుతో ‘ఇదేమైంది’ అని అడగాలి, కొత్త నంబరుతో డబ్బు పంపకూడదు. ఎన్నిసార్లు అడిగినా డబ్బు కదిలేది ఒక్కసారే కావాలి. మా పనిలో నాకు అన్నిటికన్నా గౌరవం ఉన్న నియమం ఇదే.

అప్పటికీ తేలనివి రికన్సిలియేషన్‌కు వస్తాయి. మా లెక్క, ఎన్‌పీసీఐ ఫైలు పక్కపక్కన పెట్టి ఒక్కో ఎంట్రీ సరిపోల్చడం. యూపీఐలో ఒకరు పంపిన డబ్బు రెండోవాళ్ళకు జమ కాకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు చెల్లించాలని రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో చెప్పింది. బ్యాంకుకు వంద ఎంత? కానీ ఒకటో తారీఖున అద్దె పంపి, ఓనరుకు అందక, ఖాతాలోనూ లేక ఇబ్బందిపడే మనిషికి ఆ ఒక్కరోజు చాలా పెద్దది. ఆ నిబంధన రాసినవాళ్ళు ఆ మనిషిని గుర్తుపెట్టుకున్నారనిపిస్తుంది.

మా కాలనీలో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌లో చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. 2017 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు ఎస్‌బీఐలో కలిసిపోయినా, ఆయన మాటల్లో ఇప్పటికీ అది ‘మా ఎస్‌బీహెచ్’. లెడ్జర్ల కాలంలో రూపాయి తేడా వచ్చినా దొరికేదాకా లేచేవాళ్ళం కాదు బాబూ అంటారు. తేడాను తొమ్మిదితో భాగించి చూడమని నాకు చెప్పింది ఆయనే. శేషం లేకుండా పోతే ఎక్కడో అంకెలు తారుమారై ఉండొచ్చు. 540 బదులు 450 పడితే తేడా 90. ఏ సాఫ్ట్‌వేర్ కోర్సులోనూ నాకిది చెప్పలేదు. చేత్తో ఎంటర్ చేసిన ఎంట్రీల్లో తేడా వస్తే ఈ రోజుకీ ముందు అదే చూస్తాను.

అయితే వాళ్ళకు షట్టర్ దించాక లెక్క చూసుకునే వీలుండేది. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి రాత్రింబగళ్ళు నడుస్తున్నాయి. డబ్బు కదులుతూ ఉండగానే మేం లెక్క కట్టాలి. పండగ రాత్రి కూడా ఎవరో ఒకరు స్క్రీన్ ముందుంటారు.

కొత్తవాళ్ళను తీసుకునేటప్పుడు నేనడిగే ప్రశ్న ఇదే: జవాబు రాలేదు, ఏం చేస్తావు? చాలామంది మళ్ళీ పంపుతామంటారు. మొన్న ఒకమ్మాయి కాసేపాగి, “ముందు ఆ నంబరు మన దగ్గర రాసిపెట్టుకున్నామా సార్?” అంది. సర్టిఫికెట్ల ఫైలు పక్కన పెట్టేసి ఆమెతో రిఫరెన్స్ నంబర్ల గురించే మాట్లాడాను.